నాగక్క ఓటు ఏ రాష్ట్రంలో?

రెండు వేల పద్దెనిమిది డిసెంబరు ఏడో తేదీన రేగులపాడు బడిలో నాకు పోలింగు డ్యూటీ పడింది. నేను బడి పంతులును, మాది పెనుబల్లి దగ్గర పల్లె. బూర్గంపాడు మండలంలో అలాంటి ఊరొకటి ఉందని ఆర్డరు కాగితం చేతికొచ్చేదాకా నాకు తెలియదు. వచ్చినవాళ్ల చేత రిజిస్టరులో సంతకమో వేలిముద్రో వేయించుకుని, ఎడమచేతి చూపుడువేలికి సిరా గీయడం నా పని.

పదిన్నరప్పుడు ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. పెద్దామెకు మోకాళ్లు వంగడం లేదు. రెండో ఆమె ఆమెను నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుని తెచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. నల్లటి మనిషి, ముక్కుకు రెండు పక్కలా పుల్లలు, ముతక చీర. పెద్దామె స్లిప్పు ఇచ్చింది, పేరు పుల్లమ్మ. నేను రెండో ఆమె వైపు చెయ్యి చాపాను.

"నీ స్లిప్పేదమ్మా?"

"నాది ఈడ లేదు సారూ. అక్కను పట్టుకొచ్చిన, గంతే."

"మరి నీ బూతెక్కడ?"

"ఇయ్యాల నాకు ఏడ లేదు."

వెనక వరస పెరుగుతోంది, ఇంక అడగలేదు. పుల్లమ్మ వేలికి సిరా గీస్తుంటే ఆమె వంగి చూసింది. ఆరిందా లేదా అని తన కొంగుతో విసిరింది కూడా. అక్క ఓటేసి వచ్చాక ఇంటి దగ్గర దించి, మళ్లీ వచ్చి బడి గేటు బయట, పోలీసులు ముగ్గుపిండితో గీసిన గీతకు అవతల, బోరింగు గద్దె మీద కూర్చుంది. మావోయిస్టుల భయమున్న అడవి పక్క నియోజకవర్గం కాబట్టి మాకు నాలుగింటికే ముగింపు. నాలుగయ్యేదాకా ఆమె అక్కడే ఉంది. వరసలో నిలబడ్డవాళ్లలో సగం మంది ఆమెను పలకరించి వెళ్లారు. మేం మిషన్లకు సీళ్లు వేసుకుంటుంటే మా బిందె తీసుకెళ్లి బోరింగు కొట్టి నీళ్లు పట్టి తెచ్చింది.

గేటు దగ్గరున్న కానిస్టేబుల్‌ది ఆ ప్రాంతమే. ఎవరామె అని అడిగితే విచిత్రంగా చూశాడు.

"నాగక్క తెల్వదా సార్? ఇప్పలగుంపు నాగక్క. తెలంగాణ రావాలని జిల్లా అంతా తిరిగి పాడింది."

"మరి ఓటు లేదంటుందేంటి?"

"ఇప్పలగుంపు ఆంధ్రల కలిసింది గద సార్. గా కంది చేన్లు దాటితే ఆంధ్రనే."

ఆ చేలు బడి కిటికీలోంచి కనబడుతున్నాయి.

మరుసటి ఏడాది నన్ను బూర్గంపాడు వైపు బడికి బదిలీ చేశారు. అప్పుడే నాగక్కతో పరిచయం పెరిగింది. ఇక్కడ నేను రాసేది ఆమె, పుల్లమ్మ, లచ్చిరాం అనే ఆయన వేర్వేరు రోజుల్లో చెప్పినవి.

నాగక్క కోయ ఇంటి పిల్ల. ఇప్పలగుంపులోనే పుట్టింది, ఆ ఊళ్లోనే మేనత్త కొడుకు దూలయ్యను చేసుకుంది. అక్క పుల్లమ్మను మాత్రం మూడు కిలోమీటర్ల అవతల రేగులపాడు ఇచ్చారు. ఎండాకాలం తునికాకు కోత, వానలకు పత్తి, చలికాలం మిరప తోటలో కూలి. కొత్త పంట తినే కొత్తల పండుగకు ఆడవాళ్లు నడుములు పట్టుకుని వరసగా ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. కోయలో ఎత్తుకుంటే కోయ రానివాళ్లు కూడా నిలబడి వినేవారట.

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె నడిచింది. కొత్తగూడెంలో బొగ్గు గనులు ఆగిపోయాయి. లచ్చిరాం అప్పుడు గనిలో కాంట్రాక్టు కూలి. తండా మనిషి, గొంతు పెద్దది గానీ పాట రాదు. సమ్మె టెంటులో పాడేవాళ్లు కావాలని ఊళ్లు తిరుగుతూ, బంధువుల ఇంటికని వచ్చి ఇప్పలగుంపు దారిలో పత్తి చేను పక్కన సైకిలు ఆపాడు. ఎవరో పాడుతున్నారు. పాట అయిపోయేదాకా నిలబడి, "అక్కా, గిది నువ్వే కట్టినవా?" అని అడిగాడు.

"కట్టుడేంది, పని జేస్తుంటే వస్తది."

"కొత్తగూడెం వస్తవా? మైకుల పాడాలె."

దూలయ్యను అడగమంది. దూలయ్య తల గోక్కుని, "పోతే పో గని, నాకు వంట రాదు, జల్దీ రా" అన్నాడు. ఆయన అన్న అభ్యంతరం అదొక్కటే.

మైకులో మొదటిసారి తన గొంతు తనకు వినబడ్డప్పుడు వెనక్కి తిరిగి చూసిందట, ఇంకెవరో పాడుతున్నారనుకుని. టెంటు ముందు గనుల వాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, బడి పంతుళ్లు. ఆ వారంలోనే ఆమె పాటొకటి కట్టింది. ఇప్పలగుంపుతో మొదలుపెట్టి కిన్నెరసాని ఒడ్డు వెంట, ఆ తర్వాత గోదావరి వెంట ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుపోతుంది. ఏ ఊళ్లో ఏది బాగుంటుందో ఒక్క మాట. ఒక ఊళ్లో ఇప్పపువ్వు, ఒక ఊళ్లో వాలుగ చేప, ఒక ఊళ్లో పట్టుబట్టి కాపురం చేసే ఆడపిల్లలు. ఒక్కో ఊరి పేరు రాగానే ఆ ఊరివాళ్లు లేచి కేకేసేవారు. పాట పెరిగింది. నలభై ఊళ్లయ్యాయి. బూర్గంపాడు, పాల్వంచ, మణుగూరు ఎక్కడ సభ పెట్టినా లచ్చిరాం జీపు పంపేవాడు. మూడేళ్లు అలా పాడింది. గొంతు రాసుకుపోతే మిరియాలు నమిలి పాడింది.

రెండు వేల పద్నాలుగు ఏప్రిల్ నెలాఖరులో ఓటేసింది. రాష్ట్రం వస్తోందని అప్పటికే ఖాయమైంది. "గా ఓటు ఏసి వచ్చి అన్నం కూడ తినలే సారూ, కడుపు నిండినట్టుండె" అంది నాతో.

మే నెల చివరిలో పోలవరం ముంపు కింద పోయే మండలాలను ఆంధ్రలో కలుపుతున్నారని వార్త వచ్చింది. బూర్గంపాడు మండలంలోంచి కొన్ని ఊళ్లు పోతాయన్నారు. ఏ ఊళ్లు అన్నది ఒకరు ఒకలా చెప్పారు. జూన్ రెండున బూర్గంపాడు సెంటర్లో జెండా ఎగరేసి లచ్చిరాం ఆమెను పాడమన్నాడు. పాడింది. జనం ఆమెను ఎత్తుకుని తిప్పారు. ఆ రోజు పొద్దుగూకేసరికి ఇంటికొస్తే దూలయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"రాష్ట్రం వచ్చిందానే?"

"వచ్చింది."

"మనూరు ఏ రాష్ట్రమంట?"

ఆమె కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఆ ఏడాది వానాకాలంలో పంచాయతీ ఆఫీసు బోర్డు మారింది. మండలం మారింది, ఖమ్మం జిల్లా పోయి గోదావరి జిల్లా వచ్చింది. అంతకుముందు ఏ పనున్నా పొద్దున భద్రాచలమో పాల్వంచో పోయి మధ్యాహ్నానికి వచ్చేవాళ్లు, ఇప్పుడు జంగారెడ్డిగూడెం పోవాలి. దవాఖానా మాత్రం భద్రాచలమే. నొప్పులొస్తే ఏ ఆడమనిషీ రాష్ట్రం చూసుకుని పోదు కదా. కూలీకి మిరప తోటలూ తెలంగాణ పక్కవే. పుల్లమ్మ ఇంటికి వెళ్లే డొంక దారి కూడా మారలేదు. అయినా ఆ దారిన నడిచేటప్పుడు కంది చేల దగ్గర తనకు తెలియకుండానే నడక నెమ్మదించేదని నాగక్క చెప్పింది.

నాలుగేళ్లు గడిచాయి. రెండు వేల పద్దెనిమిది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభను గడువుకు ముందే రద్దు చేశారు. ఎలక్షన్లు వస్తాయన్నారు. అప్పటికి లచ్చిరాం అధికార పార్టీకి బూర్గంపాడు మండలంలో చెప్పుకోదగ్గ మనిషి. ఇస్త్రీ తెల్లచొక్కా, మోటారు సైకిలు. ఇప్పలగుంపు వచ్చి దూలయ్య మంచం మీద కూర్చున్నాడు.

"అక్కా, మన సర్కారు మల్ల రావాలె. నువ్వు పాడాలె."

"పాడ్త. గని నాకు ఓటు లేదు గదరా."

లచ్చిరాం దానికీ దారి ఆలోచించుకునే వచ్చాడు. కొత్త ఓటర్లను చేర్చుకుంటున్నారు. పుల్లమ్మ ఇంటి నంబరు మీద పేరు రాయిస్తే సరిపోతుంది. ఇప్పలగుంపులో ఉన్న పేరు తీయించుకోవాలి, అంతే.

"నీకు లేని ఓటు ఎవరికున్నది అక్కా? గిన్నేండ్లు పాడినవ్. ఒక్క ఓటు అడిగే హక్కు నీకు లేదా?"

ఆ మాట ఆమెను పట్టుకుంది. మూడు రోజులు ఆలోచించింది. దూలయ్య అవుననలేదు, కాదనలేదు. పుల్లమ్మ మాత్రం గట్టిగా పట్టుబట్టింది.

"ఒక్క తల్లి కడుపున పుట్టినం. నాకొక సర్కారు, నీకొక సర్కారా? రాయించుకోవే. నా ఇల్లు నీ ఇల్లు గాదా?"

నాగక్క ఫారం మీద వేలిముద్ర వేసింది. ఆ వారం రోజులూ తాను ఉత్సాహంగా తిరిగానని చెప్పుకుంది. మిరప నారు పోసేటప్పుడు పక్కవాళ్లతో, "ఈసారి నేనూ అక్కా ఒక్క వరుసల నిలబడ్తం" అందట. ఓటు రోజుకు కట్టుకోవడానికి చీర కూడా అనుకుంది.

విచారణకు బూత్ స్థాయి అధికారి వచ్చింది. రేగులపాడు అంగన్‌వాడీ టీచరే ఆ పని చూస్తుంది. పేరు శ్యామల. ఇద్దరు అక్కచెల్లెళ్లూ గుమ్మంలో కూర్చున్నారు. శ్యామలకు నాగక్క తెలుసు, ఎక్కడుంటుందో కూడా తెలుసు. అయినా కాగితంలో ఉన్నది అడగాలి.

"నాగక్కా, నువ్వు ఉండేది ఈ ఇంట్లనే గదా?"

పుల్లమ్మ ముందే, "అవ్ అవ్, ఈడనే" అంది.

"నువ్వు గాదు పెద్దమ్మా, ఆమె చెప్పాలె. ఇప్పలగుంపుల ఇప్పుడు ఉంటలేవు గదా, నాగక్కా?"

నాగక్క అక్క వైపు చూసింది. "ఉంటున్న" అంది.

"అంటే?"

"ఇప్పలగుంపులనే ఉంటున్న. మా అమ్మ రాయి ఆడున్నది. మా ఆయన ఆడున్నడు. ఉంటలేనని ఎట్ల జెప్పాలె?"

చనిపోయిన పెద్దలకు కోయలు రాయి నిలబెడతారు. ఆ రాయి దగ్గరికి ప్రతి పండుగకూ వెళ్లి అన్నం పెడతారు. ఆ ఊరు ఎలాగూ ఏదో ఒక రోజు నీళ్లలో పోతుంది, రాయీ పోతుంది. అది అందరికీ తెలుసు. అది పోయేదాకానైనా అక్కడ లేనని తన నోటితో అనలేకపోయింది.

శ్యామల పెన్ను మూసింది. పుల్లమ్మ చెల్లెలితో రెండు రోజులు మాట్లాడలేదు. లచ్చిరాం వచ్చి కోప్పడ్డాడు. "ఒక్క మాట, అక్కా! ఒక్క మాట అంటే అయిపోవు గద." అతను బండి తీస్తుంటే నాగక్క, "పాడనికి ఎప్పుడు రావాలె?" అని మాత్రం అడిగింది.

నవంబరు అంతా ప్రచారం. నాగక్క వ్యానులో నిలబడి ఊరూరా పాడింది. మొదటి రోజే లచ్చిరాం మొహమాటపడుతూ చెప్పాడు, ఆంధ్రలో కలిసిపోయిన ఊళ్ల పేర్లు పాటలోంచి తీసేయమని. అక్కడ ఓట్లు లేవు, వినేవాళ్లకు విసుగు, పైగా అవతలి పార్టీవాళ్లు ఆ ఊళ్లను ఎందుకు పోనిచ్చారని అడుగుతారు.

"గట్లయితే పాట మొదలే పోతదిరా."

"బూర్గంపాడు నుంచి ఎత్తుకో అక్కా."

బూర్గంపాడు నుంచే ఎత్తుకుంది. ఇరవై రోజులు అలాగే పాడింది. ఒక ఊళ్లో కల్లు ముంత పట్టుకుని నిలబడ్డ ముసలాయన పాటంతా విని, "ఇప్పలగుంపు ఏమాయెనే?" అని అడిగాడు. వ్యాను కదిలిపోయింది. ఆ రాత్రి దూలయ్యకు అన్నం పెడుతూ ఈ సంగతి చెప్పి ఏడ్చిందట. దూలయ్య ఆమెకు మంచినీళ్లిచ్చి, "రేపు పోకు" అన్నాడు. మరునాడూ పోయింది. "నేను పాడకుంటే గా సర్కారుకు నాకు సంబంధమే ఉండదనిపిచ్చె సారూ. పాట ఒక్కటే కదా ఆ పక్కకు పోగలిగేది" అని నాకు చెప్పింది.

పోలింగు నాటి సంగతి ముందే రాశాను. గద్దె మీద అంతసేపు ఎందుకు కూర్చున్నావని తర్వాత ఒకసారి అడిగితే, "ఊర్లోళ్లందరు అటే పోతుండిరి, నేనొక్కదాన్ని ఇంట్ల కూసుని ఏం జెయ్యాలె" అంది.

పదకొండో తేదీన లెక్కింపు. లచ్చిరాం పొద్దున్నే తన ఇంట్లో టీవీ ముందు అందరినీ పోగేశాడు. నాగక్క కూడా వెళ్లింది. తొమ్మిదింటికే తేలిపోయింది, రాష్ట్రమంతా అధికార పార్టీదే ముందంజ. పది దాటేసరికి ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. కానీ మా ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మాత్రం సీటు తర్వాత సీటు పోతోంది. మధ్యాహ్నానికి తమ అభ్యర్థి ఓడిపోయాడని తెలిసింది. తెచ్చిన బాణసంచా అట్టపెట్టెల్లోనే ఉంది. టీవీలో హైదరాబాదులో డప్పులు, రంగులు, మిఠాయిలు. లచ్చిరాం ఇంటి ముందు పది మంది కూడా మిగల్లేదు. అతను మెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"సర్కారు మనదే వచ్చింది. మన సీటు పాయె. గెలిచినమా ఓడినమా ఏం సమజైతలేదు అక్కా."

నాగక్క పక్కన కూర్చుంది. "నువ్వన్న ఓడినవ్ తమ్మీ. నాకు గదన్న లేకపాయె."

అతను తలెత్తి చూశాడు. "పాడు అక్కా. మొత్తం పాడు. మొదటికెళ్లి" అన్నాడు.

మైకు లేదు. మెట్టు మీద కూర్చునే ఇప్పలగుంపు దగ్గర ఎత్తుకుంది. కలిసిపోయిన ఊళ్లన్నీ చెప్పింది. ఒక ఊరి పేరు మరిచిపోతే లచ్చిరాం అందించాడు. మూడు ఇళ్ల అవతల ఉన్న ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. అవతలి పార్టీ జెండా కట్టిన ఆటో ఒకటి ఆగింది, డ్రైవరు తన ఊరి పేరు వచ్చేదాకా ఉండి, కేకేసి పోయాడు.

సాయంత్రం లచ్చిరాం ఆమెను బండి మీద దింపడానికి వచ్చాడు. కంది చేల దగ్గర బండి ఆపాడు.

"ఈసారి గట్టిగ అడుగుతం అక్కా. ఊర్లు తిరిగి తెమ్మని అడుగుతం."

"తెస్తరా?"

"అడుగుతం" అన్నాడు మళ్లీ.

ఆమె దిగి, మిగిలిన దూరం నడిచి వెళ్లింది. దూలయ్య ఆ రోజు అన్నం తానే వండాడు, కాస్త మాడింది.

"ఎవరు గెలిచిండ్రే?"

"మనోళ్లే."

"మనోళ్లంటే ఎవరు?"

చెప్పబోయి ఆగింది. ఆగి నవ్వింది. దూలయ్య కూడా నవ్వాడు. మాడిన అన్నమే ఇద్దరూ తిన్నారు.

నాలుగు నెలల తర్వాత ఏప్రిల్లో ఆంధ్రలో ఎలక్షన్లు జరిగాయి. నాగక్క తన ఊరి బడిలోనే ఓటేసింది. వరసలో ముందు దూలయ్య, వెనక తను. పిలిస్తే పలికింది, వేలు చాపింది, మీట నొక్కింది. లోపల కూర్చున్న సార్లు గోదావరి జిల్లాల మాటలో చాలా మర్యాదగా మాట్లాడారని చెప్పింది. "ఓటేసినం సారూ. మా ఊరికి బోరు కావాలె, రోడ్డు కావాలె, ఎవరో ఒకరిని అడగాలె కదా. ఏసినం." అంతకుమించి ఏమీ చెప్పలేదు. నేను రెండు వేల పద్నాలుగు నాటి ఓటు గురించి అడిగినప్పుడు గంటసేపు చెప్పిన మనిషి.

లచ్చిరాం ఊళ్ల సంగతి అడిగాడో లేదో తెలియదు. అడిగే ఉంటాడు. ఏమీ రాలేదు. నాగక్కే అతన్ని సమర్థిస్తుంది, వాడేం జేస్తడు పాపం అని.

మొన్న జూలైలో ముసురు పట్టినప్పుడు ఇప్పలగుంపు వెళ్లాను. పుల్లమ్మ మందులు ఇచ్చి రమ్మని పంపింది. నాగక్క గొంతు ఇప్పుడు కొంచెం బొంగురుపోయింది. ఇంట్లో చిన్న టీవీ ఉంది. వానల వార్త చదువుతున్నారు. దూలయ్య ఆంధ్ర వార్తలు పెట్టాడు. గోదావరి జిల్లాల్లో భారీ వర్షాలు, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని చెప్పారు. వాళ్లింటి మీద కురుస్తున్న వాన గురించే చెబుతున్నారు. నాగక్క లేచి తెలంగాణ చానలు పెట్టి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఆదిలాబాదు అయింది, నిజామాబాదు అయింది, వరంగల్లు అయింది. దూలయ్య ఏదో అడగబోతే చేత్తో ఆగమంది. ఉమ్మడి ఖమ్మం జిల్లా అని వినబడ్డాక లేచి, నాకు టీ పెట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్లింది.